గుడ్ జాబ్ వద్దన్న లెక్కల మాస్టారు

స్పీచ్ థెరపీ చదవబోతున్న ఇద్దరమ్మాయిలు, మా అమ్మ స్నేహితురాళ్ళ మనవరాళ్ళు, ఈమధ్య ఒక పుట్టినరోజు పార్టీలో నన్ను మూలకి లాగి ఒకటే అడిగారు. "ఆంటీ, ఆ జాబ్‌లో రోజంతా యాక్చువల్‌గా ఏం చేస్తారు?" నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పదిమందిలో నాకు మాట పెగలదు. కాగితం మీదైతే చెప్పగలను కనుక ఇది రాస్తున్నాను.

నాకింకా నలభై రాలేదు. కానీ ఆ వృత్తి వదిలేసి లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనికి వెళ్ళిపోయాను కాబట్టి ఒక రకంగా రిటైరైనట్టే. రోజుకి ఇంతమందిని చూడాలన్న లెక్క ఏటేటా పెరిగింది. ఆగి ఎదురుచూడటానికి వీల్లేని చోట ఆ పని చేయడం నాకు చేతకాలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పను. డిగ్రీలు, లైసెన్సులు, జీతాల సంగతి మీకు కాలేజీవాళ్ళే చెబుతారు. నేను చెప్పేది వాళ్ళు చెప్పనిది. పేషెంట్ల పేర్లు, గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను.

నేను చేసింది పిల్లల నత్తి పోగొట్టే పని కాదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్ళతో, అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కమ్మింగ్ అనే ఊరి దగ్గర ఒక రిహాబ్ సెంటర్‌లో పనిచేశాను. ఆ స్థితిని అఫేజియా అంటారు. మనిషికి అన్నీ తెలుస్తుంటాయి. ఎదురుగా ఉన్నది కప్పు అని తెలుసు, అందులో కాఫీ తాగుతారని తెలుసు, 'కప్పు' అనే మాట మాత్రం నోటికి రాదు. మనం ఆ బొమ్మ చూపించి ఆగాలి. ఆ మాట ఎక్కడో బయల్దేరి, దారి తప్పి, వెనక్కి వెళ్ళి, ఇంకో దారిన వస్తుంటుంది. మొదటి అక్షరం అందించి సాయం చేయవచ్చు. తొందరపడి మాట మొత్తం మనమే అందించేస్తే అంతా చెడిపోతుంది.

"మాట్లాడటానికి భయపడే మనిషి మాట నేర్పే జాబ్‌లో ఏంటక్కా!" అని మా తమ్ముడు కిరణ్ వెక్కిరించేవాడు. కానీ మాటకారులకంటే నాకే ఆ పని తేలిక. నిశ్శబ్దం నన్ను కంగారు పెట్టదు.

మెచ్చుకోవడం నేర్చుకున్నాను

నా మొదటి సూపర్‌వైజర్ పేరు డెనీస్. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, అందర్నీ 'హనీ' అని పిలిచే జార్జియా మనిషి. చేరిన కొత్తలో నా పని ఎలా ఉందో చెప్పడానికి పిలిచి కూర్చోబెట్టింది.

"వాసూ హనీ, నీ పనికి వంక పెట్టను. కానీ పేషెంట్ కష్టపడి ఒక మాట చెబితే, నువ్వు డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ వెనకాల మనిషిలా చూస్తావు. 'నెక్స్ట్' అంటావేమోనని నాకే భయమేసింది."

"నేను లోపల సంతోషిస్తాను" అన్నాను.

"లోపల సంతోషిస్తే వాళ్ళకెలా తెలుస్తుంది? గుడ్ జాబ్ అను. ఆసమ్ అను. డబ్బులేం అడగరు!"

నా పేరు వసుంధర. డెనీస్ చివరిదాకా వాసూ అనే పిలిచింది.

ఆవిడన్నది అబద్ధం కాదు. మా ఇంట్లో ఎవర్నీ మొహం మీద పొగడరు. దిష్టి తగులుతుందని అమ్మ నమ్మకం. నాన్నకి నమ్మకాలేమీ లేవు, అలవాటు లేదంతే. తెనాలి నుంచి వచ్చాక ఇక్కడి హైస్కూల్లో మొదటిసారి నాకు అన్నింట్లో A వస్తే, నాన్న కార్డు అటూ ఇటూ తిప్పి చూసి "ఫరవాలేదు" అన్నారు. ఆ రోజు డైరీలో 'నాన్న ఫరవాలేదన్నారు' అని రాసుకుని కింద గీత గీసుకున్నాను.

అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని, రోజూ ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ, అద్దాలు ఎక్కించుకుని, హైవే మీద ప్రాక్టీస్ చేశాను. గుడ్ జాబ్! వే టు గో! ఆసమ్! పక్క కార్లో వాళ్ళు నేను ఎవరితోనో పోట్లాడుతున్నాననుకునేవాళ్ళు. కొన్ని వారాలకి గొంతులో కాస్త సహజత్వం వచ్చింది.

అది పనిచేసింది కూడా. మిస్ లొరెట్టా అని ఒకావిడ ఉండేది, జీవితమంతా చర్చి వంటగదిలో బిస్కట్లు కాల్చిన మనిషి. ఆవిడ మొదటిసారి 'స్పూన్' అనగానే, నేను గొంతు పెంచి "గుడ్ జాబ్, మిస్ లొరెట్టా!" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "స్పూన్! స్పూన్!" అంటూ చక్రాల కుర్చీ తోసుకుంటూ పక్క గదిలోకి వెళ్ళి వాళ్ళకి కూడా చెప్పి వచ్చింది. డెనీస్ తలుపు దగ్గర నిలబడి నాకు బొటనవేలు పైకెత్తి చూపించింది. మెచ్చుకోలు మందులాంటిదని, అందరికీ ఒకే మోతాదు పనిచేస్తుందని అప్పుడు నమ్మాను.

ఒకే ఒక్క మాట

ఐఫోన్లు కొత్తగా అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. మా నాన్న ప్రాజెక్ట్ పోయి, కొత్తది దొరక్క బెంచ్ మీద ఉన్న ఏడాది. అప్పుడొచ్చారు హెంక్ గారు.

పొడుగాటి మనిషి, ఎనభైకి దగ్గర. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. మిగతావాళ్ళు పైజామాల్లో వచ్చే థెరపీకి ఆయన మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కాతో వచ్చేవారు. హాలండ్‌లో పుట్టి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చి, ఇక్కడ హైస్కూల్లో జామెట్రీ చెప్పి రిటైరయ్యారు. స్ట్రోక్‌తో ఇంగ్లీషు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చిన్ననాటి డచ్ కూడా ముక్కలు ముక్కలుగానే మిగిలింది. భార్య తీనెకె గారు రోజూ ఒక ఫ్లాస్కు కాఫీ, ఒక రేకు డబ్బాతో వచ్చేది. కాఫీ పోసి, డబ్బా మూత తీసి, మనకి ఒక బిస్కట్ ఇచ్చి, వెంటనే మూత పెట్టేసేది. వద్దంటున్నా కంచంలో ఇంకో గారె పడేసే ఇంట్లో పెరిగిన నాకు ఆ మూత చప్పుడు మొదట్లో చివుక్కుమనిపించేది. వాళ్ళ దేశంలో అదే మర్యాద అని తర్వాత తెలిసింది.

వాళ్ళకి కావలసింది ఒక్కటే. ఇంటికి వెళ్ళాలి. కానీ ఇంట్లో ఉండేది ఇద్దరూ ముసలివాళ్ళు. ఆవిడ పడిపోతే ఆయన ఫోన్ తీసి సాయం అడగగలగాలి, అడ్రస్ చెప్పగలగాలి. అది రాకపోతే ఇంటికి పంపడం కుదరదని మా టీమ్ తేల్చేసింది. ఇన్సూరెన్స్‌వాళ్ళు వారం వారం ప్రోగ్రెస్ అడుగుతారు. అది కనబడకపోతే థెరపీ ఆగిపోతుంది. ఆ పైన ఆయన లాంగ్ టర్మ్ కేర్‌కి, అంటే ఇక ఎప్పటికీ నర్సింగ్ హోమ్‌కే.

"మా టేబుల్‌కి రెండే కుర్చీలు" అంది తీనెకె గారు నాతో మొదటిరోజే. "ఎదురు కుర్చీలో ఆయన లేకపోతే నేనెక్కడ చూస్తూ తినాలి?"

మొదటి సెషన్‌లో కప్పు బొమ్మ పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. నుదుటి మీద నరం ఉబ్బింది. చివరికి "కప్" అన్నారు.

"గుడ్ జాబ్, మిస్టర్ హెంక్!" అన్నాను.

ఆయన తలెత్తి, పిలవని పేరంటానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు. తర్వాత ఒక మాట అన్నారు. గొంతు వెనక గీరుకుంటూ మొదలై, మధ్యలో సాగి, చివర తేలిపోయే మాట. "ఖెప్రేజన్." అనేసి కిటికీ వైపు తిరిగిపోయారు. ఇక ఆ రోజుకి ఇంకో మాట లేదు.

మర్నాడూ అంతే. ఒక మాట పలకడం, నేను గుడ్ జాబ్ అనడం, "ఖెప్రేజన్," కిటికీ. స్ట్రోక్ తర్వాత కొందరికి ఏదో ఒక మాట నాలుక మీద ఇరుక్కుపోతుంది. ఏమడిగినా అదే వస్తుంది. ఒకాయన అన్నిటికీ 'మండే' అనేవాడు. ఇదీ అలాంటిదే అనుకుని, పదేపదే వచ్చే అర్థంలేని మాట అని రికార్డులో రాసేశాను. గుడ్ జాబ్ వినబడ్డాకే అది వస్తోందన్న సంగతి నా కళ్ళెదుటే ఉంది. నాకు కనబడలేదు.

డెనీస్‌కి ఆ మాట నచ్చింది. "ఎంత స్వీట్‌గా అంటున్నాడో! నీకు థాంక్స్ చెబుతున్నాడు హనీ. ఇంకొంచెం ఎంకరేజ్ చెయ్."

నేను మోతాదు పెంచాను. చప్పట్లు కొట్టాను. ఒకరోజు నవ్వుతున్న నక్షత్రం స్టికర్ తీసి ఆయన చొక్కాకి అంటించాను. ఆయన ఎడమచేత్తో దాన్ని జాగ్రత్తగా ఊడదీసి నా క్లిప్‌బోర్డుకి అంటించారు. "ఖెప్రేజన్" అన్నారు, నన్ను వేలితో చూపిస్తూ.

వారం ముగిసేసరికి ప్రోగ్రెస్ సున్నా.

తీనెకె గారు చెప్పిన అర్థం

ఇంట్లోవాళ్ళుంటే పేషెంట్ ధ్యాస చెదురుతుందని మా సెంటర్‌లో వాళ్ళని సెషన్ గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఇలాంటి రూల్స్‌ని మరీ అంత నమ్మకండి. ఆ శుక్రవారం తీనెకె గారు ఆయన మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి లోపలికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన 'కీ' అన్నారు, నేను గుడ్ జాబ్ అన్నాను, ఆయన ఆ మాట అన్నారు.

ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని లేచి నిలబడ్డాను. నవ్వుతోంది.

"ఇది రోజూ అంటున్నాడా?"

"ప్రతిసారీ. దానికి అర్థం ఉందా?"

"ఉండకేం! 'పొగడబడ్డ' అని. ఈయన నిన్ను వెక్కిరిస్తున్నాడు కింత్యె." కింత్యె అంటే వాళ్ళ భాషలో చిట్టితల్లీ అన్నట్టు. "తాళంచెవి బొమ్మ చూసి తాళంచెవి అన్నందుకు ఈయనగారికి సన్మానం జరిగిపోయిందని!"

హెంక్ గారు నా వంక చూశారు. ఆ వారంలో మొదటిసారి ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది.

నేను ఎర్రబడిపోయి ఉంటాను. కానీ నాకు మాటలంటే పిచ్చి, ఆ పిచ్చే సిగ్గుని దాటింది. కాఫీ టైమ్‌లో ఆవిడని వదల్లేదు. ఆ మాట ఎక్కడెక్కడ వాడతారు అని అడిగాను. ఆవిడ ఒక బిస్కట్ ఇచ్చి, మూత పెట్టి, ఆలోచిస్తూ చెప్పింది.

"చర్చిలో దేవుడికి వాడతాం. ఆయన పొగడబడుగాక అని. పేపర్లో రాస్తారు, ఫలానా పుస్తకం అందరిచేతా పొగడబడింది, ఫలానా మేయర్ ఆయన ధైర్యానికి పొగడబడ్డాడు అని. ఆ మేయర్ పోయాక ఎక్కువ రాస్తారనుకో."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో ఎవరంటారు! అది ఎదురుగా ఉన్న మనిషితో అనే మాట కాదు. నీ వెనకాల, నువ్వు లేనిచోట, వేరేవాళ్ళు నీ గురించి అనుకున్నారని చెప్పడానికి పనికొచ్చే మాట."

"అయితే మీ సూప్ బాగుంటే ఆయన ఏమంటారు?"

"తినొచ్చు అంటాడు. ఒకసారి మాత్రం 'ఈ సూప్‌లో ఏం వేశావు?' అని అడిగాడు. ఆ రోజు నాకింకా గుర్తుంది."

సాయంత్రం కార్లో ప్రాక్టీస్ చేయలేదు. ఆ మాటకి తెలుగేమిటా అని ఆలోచిస్తూ డ్రైవ్ చేశాను. 'పొగడబడ్డ' అని తెలుగులో ఎవరూ అనరు. పేపర్ తెలుగులో 'ప్రశంసలందుకున్న' అంటారు. తెనాలిలో మా పక్కవీధి చర్చి మైకులో పొద్దున్నే 'స్తుతింపబడును గాక' అని వినబడేది, నా చెవికి దానికి దగ్గరగా అదే తోచింది. మనకీ ఎన్ని మాటలో! స్తుతి దేవుడికి. ప్రశంస సభలో. పొగడ్తకి వినేవాడు ఉండాలి. మెచ్చుకోలు మాత్రం మనసులో దాచుకున్నా మెచ్చుకోలే. ఇక ఇంటి మాట ఒకటుంది, 'ఫరవాలేదు'. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబితే డెనీస్ నన్ను ఇంటికి పంపించేసేది.

'ఫరవాలేదు' అనే ఇంట్లోంచి వచ్చి కూడా, ఆయన కోపాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. నేర్చుకున్న అలవాటు పుట్టింటి అలవాటుని అంత బాగా కప్పేసింది.

కిరణ్ దాచుకున్న పేపర్

ఆ శనివారం అల్ఫారెట్టాలో మా ఇంట్లో భోజనాలు. కిరణ్ కాలేజీ నుంచి వచ్చాడు. హెంక్ గారి ఇంటిపేరు, స్కూలు విన్న దగ్గర్నుంచీ కిరణ్‌కి చదువు చెప్పింది ఈయనేనేమోనని నాకు అనుమానంగానే ఉంది. పేషెంట్ల సంగతి బయట చెప్పకూడదు కాబట్టి పక్కదారిన అడిగాను.

"ఒరేయ్, నీ జామెట్రీ సార్ ఎలాంటివాడురా?"

"ఏ సార్? ఆ డచ్ సారా? ఎందుకు అడుగుతున్నావ్?"

"ఊరికే."

అమ్మ పప్పు గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఆ మహానుభావుడే కదూ! B ఇచ్చి పిల్లాడి గ్రేడంతా పాడుచేశాడు. వెళ్ళి అడిగితే 'మీవాడు బాగా చేస్తున్నాడు, అందుకే B ఇచ్చాను' అన్నాడు. అదేం లెక్కో, ఆయనేం మనిషో!"

"మామ్, హి వాజ్ ఫెయిర్. అక్కా, మిగతా టీచర్స్ అందరూ స్టార్స్, గ్రేట్ వర్క్, స్మైలీ ఫేస్ పెట్టేవాళ్ళు. ఎవడూ చదవడు అవి. ఈయన పేపర్ మీద రెండే రాసేవాడు. కరెక్ట్. నాట్ కరెక్ట్. దట్స్ ఇట్."

"బాధనిపించేది కాదా?"

"నో! నాట్ కరెక్ట్ అని రాస్తే లంచ్‌లో ఆయన రూమ్‌కి వెళ్ళొచ్చు. అది కరెక్ట్ అయ్యేదాకా మనతోనే కూర్చుంటాడు. శాండ్‌విచ్ తింటూ." వాడు కాస్త సిగ్గుపడ్డాడు. "వన్ టైమ్ ఒక ప్రూఫ్‌కి కరెక్ట్ అని రాసి కింద అండర్‌లైన్ చేశాడు. ఐ స్టిల్ హావ్ దట్ పేపర్."

నాన్న అంతసేపూ తలవంచుకుని తింటున్నారు. "పప్పు ఫరవాలేదు ఇవాళ" అన్నారు.

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఫరవాలేదే" అంది అమ్మ. "బాగుంది అంటే నోరు అరిగిపోతుందా?" అంటూనే ఇంకో గరిటె వేసింది. నాన్న వద్దనలేదు.

కరెక్ట్, నాట్ కరెక్ట్

సోమవారం కప్పు బొమ్మతోనే మొదలుపెట్టాను. ఆయన "కప్" అన్నారు. నాకు అలవాటుగా గుడ్ అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"కరెక్ట్" అన్నాను.

కిటికీ వైపు తిరగబోతున్న తల ఆగిపోయింది.

తర్వాత కత్తెర బొమ్మ. "కీ" అన్నారు.

"నాట్ కరెక్ట్."

మన కాలేజీల్లో అది అనకూడదని నేర్పిస్తారు. 'దగ్గరికొచ్చారు, ఇంకోసారి ట్రై చేద్దామా' అనాలి. హెంక్ గారు కనుబొమలు ముడిచారు. ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని కుర్చీని ముందుకి లాక్కున్నారు. బొమ్మని దగ్గరికి తీసుకుని చూశారు. నేను ఆగాను. ఎంతసేపైనా ఆగగలను, నాకు తెలిసిన విద్య అదొక్కటే. చాలాసేపటికి "సిజర్స్" అన్నారు.

"కరెక్ట్."

ఆయన వేలితో బల్ల మీద కొట్టారు. నెక్స్ట్ అని.

గురువారం దాకా ఆ నాలుగు రోజులు నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైనవి. ఇద్దరం నవ్వుకోకుండా, చప్పట్లు లేకుండా, లెక్కలు చేసుకున్నట్టు పని చేశాం. తప్పు అంటే ఆయనకి హుషారు వచ్చేది. తప్పు అని చెప్పారంటే, ఎదుటివాళ్ళు నిజంగా వింటున్నారని ఆయన లెక్క. బొమ్మల నుంచి ఫోన్‌కి వచ్చాం. హెల్ప్. వైఫ్. ఇంటి నంబర్. నంబర్లో అంకెలు తారుమారయ్యేవి. నాట్ కరెక్ట్. మళ్ళీ.

ఖెప్రేజన్ అనే మాట ఆ నాలుగు రోజులూ వినబడలేదు.

మధ్యలో డెనీస్ తలుపు అద్దంలోంచి చూసిందట. శుక్రవారం టీమ్ మీటింగులో అందరి ముందే అంది. "వాసూ మళ్ళీ ఆ కౌంటర్ మనిషి అయిపోయింది. పేషెంట్‌తో నాట్ కరెక్ట్, నాట్ కరెక్ట్ అంటోంది. పోయినవారం ప్రోగ్రెస్ లేదు. ఈయన్ని ఇంకాస్త హుషారైన థెరపిస్ట్‌కి మారుద్దాం. అప్పటికీ కదలిక లేకపోతే లాంగ్ టర్మ్ గురించి భార్యతో మాట్లాడదాం."

ఆ మీటింగుల్లో నేను ఎప్పుడూ నోరు విప్పింది లేదు. రెండే కుర్చీలున్న టేబుల్ కళ్ళముందుకి వచ్చింది.

"మార్చకండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆయన టీచర్. తన దగ్గర చదివిన పిల్లల్ని కూడా అలా పొగడలేదు. చిన్న పనికి పొగిడితే చిన్నపిల్లాడిని చేసినట్టు ఆయనకి. ఆ మాట అర్థంలేనిది అని రాశాను, అది నా పొరపాటు. ఆయన మనకి చెబుతూనే ఉన్నారు. ఇవాళ మధ్యాహ్నం ఫోన్ టెస్ట్ పెడతాను. మీరొచ్చి కూర్చోండి. కానీ ఏమీ అనకూడదు."

"నేనా?" అంది డెనీస్. గదంతా నవ్వింది.

మధ్యాహ్నం బల్లకి అటూ ఇటూ వైరు పీకేసిన పాత ఆఫీస్ ఫోన్లు పెట్టుకున్నాం. నేను అవతలి ఎమర్జెన్సీ ఆపరేటర్ని. డెనీస్ గోడ పక్కన, తీనెకె గారు తలుపు దగ్గర, ఒళ్ళో రేకు డబ్బా.

ఆయన ఎడమచేత్తో నొక్కారు. "నైన్-వన్-వన్, ఏమైంది చెప్పండి" అన్నాను.

"హెల్ప్." ఊపిరి. "వైఫ్... వైఫ్ ఫాల్."

"అడ్రస్?"

నంబర్ చెప్పారు. చివరి రెండంకెలు తారుమారు.

"నాట్ కరెక్ట్" అన్నాను. వెనక డెనీస్ కుర్చీ కిర్రుమంది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎడమచేతి వేలు బల్ల మీద ఒక్కో అంకె గీస్తోంది. తీనెకె గారు డబ్బాని రెండుచేతులా పట్టుకుంది. నేను ఆగాను. ఆయన మళ్ళీ చెప్పారు. అంకెలన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. వీధి పేరు కూడా వచ్చింది, కాస్త నలిగి, కానీ ఎవరికైనా అర్థమయ్యేలా.

"కరెక్ట్" అన్నాను.

"గు..." అని మొదలుపెట్టింది డెనీస్. హెంక్ గారు అటు తిరక్కుండానే, క్లాసులో వెనక బెంచీని ఆపినట్టు, ఎడమచేతి వేలు పైకెత్తారు. డెనీస్ నోరు మూసుకుంది. ఆవిడని అలా ఎవరైనా ఆపడం నేను చూడలేదు. కాసేపటికి పెన్ను తీసి, నాకు కనబడేలా, కాగితం మీద 'హోమ్' అని రాసింది, ఇంటికే అని.

ఆ రోజు కాఫీతోపాటు తీనెకె గారు నాకు ఒక బిస్కట్ ఇచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మూత పెట్టలేదు.

నేను అడగడం మొదలుపెట్టిన ప్రశ్న

డెనీస్ తప్పు అని నేను చెప్పను. మిస్ లొరెట్టాకి చప్పట్లే కావాలి, నేను లైసెన్స్ కౌంటర్ మనిషిలా కూర్చుని ఉంటే ఆవిడకి అన్యాయం జరిగేది. మెచ్చుకోలు నేర్పినందుకు డెనీస్‌కి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అందరికీ ఒకటే అన్నచోటే చిక్కు.

ఆ తర్వాత కొత్త పేషెంట్ వచ్చిన మొదటిరోజు ఇంట్లోవాళ్ళని ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. 'మీ ఇంట్లో ఎవరైనా పని బాగా చేస్తే ఏమంటారు?' ఏ పుస్తకంలోనూ లేదు ఇది. జవాబులు వింటుంటే నాకు భలే సరదాగా ఉండేది. ఒక కోళ్ళ ఫారం రైతు కొడుకు "ఏమీ అనం మేడమ్, ఇంకో పని ఇస్తాం" అన్నాడు. షాంటిలీ అనే ఊరి నుంచి వచ్చిన ఒక తెలుగు కోడలు చాలాసేపు ఆలోచించి, "మావయ్యగారు బాగుందని ఎప్పుడూ అనలేదండీ. రెండోసారి వడ్డించుకుంటారు" అంది. ఆ మావయ్యగారితో సెషన్‌లో, ఒక మాట సరిగ్గా రాగానే నేనేమీ అనకుండా, "ఇంకోటి వేసుకుంటారా?" అని తర్వాతి బొమ్మ తీసేదాన్ని. ఆయన తలూపేవారు.

మీరు ఈ పనిలోకి వెళితే ఈ ప్రశ్న అడగండి. జవాబు రాకపోయినా, దాన్ని వెతుక్కుంటూ వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. అందులోనే చాలా తెలుస్తుంది.

వెళ్ళిపోయే రోజు

మా సెంటర్‌లో ఒక ఆచారం ఉండేది. పేషెంట్ ఇంటికి వెళ్ళే రోజు నర్సులు, థెరపిస్టులు అందరూ వరండాలో రెండువైపులా నిలబడి, గంట మోగించి, చప్పట్లు కొడుతూ సాగనంపుతారు. కుర్చీకి బెలూన్లు కడతారు. మిస్ లొరెట్టా ఆ రోజు రాణిలా చెయ్యి ఊపుతూ వెళ్ళింది.

హెంక్ గారికి అది వద్దని డెనీస్‌ని బతిమాలాను. "హనీ, ఒక్కసారి చేసుకోనివ్వు" అంది. "మేము మా కోసం కొట్టుకుంటున్నాం చప్పట్లు. ఈ ఏడాది ఎంతమందిని ఇంటికి కాక వేరేచోటికి పంపామో నీకు తెలుసు కదా." అది కూడా నిజమే.

కాబట్టి గంట మోగింది. నీలం బెలూన్లు కట్టిన కుర్చీలో, మెడ దాకా గుండీలతో, హెంక్ గారు నిటారుగా కూర్చున్నారు. తీనెకె గారు కుర్చీ తోస్తోంది. రెండువైపులా చప్పట్లు, ఈలలు, గుడ్ జాబ్‌లు, ఆసమ్‌లు. ఆయన మొహంలో గీత కదల్లేదు. నేను అలవాటుగా వరస చివర, తలుపు పక్కన, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

నా దగ్గరికి రాగానే ఆయన ఎడమచెయ్యి ఎత్తి కుర్చీ ఆపించారు. చప్పట్లు తగ్గాయి. ఆయన ఆ వరండాని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూశారు. తర్వాత స్పష్టంగా, ప్రతి అక్షరం పలుకుతూ అన్నారు.

"ఖెప్రేజన్."

"ఏమంటున్నారు?" అంది డెనీస్. అందరూ నా వైపు తిరిగారు.

"ప్రెయిజ్డ్ అని, డచ్‌లో" అన్నాను.

"ఓ, ఎంత స్వీట్!" అని వరండా అంతా కరిగిపోయింది. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి. తీనెకె గారు కుర్చీ వెనక తల వంచుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

ఆయన మాత్రం నన్నే చూస్తున్నారు, పేపర్ ఇచ్చేసి మార్కుల కోసం నిలబడ్డ పిల్లాడిలా. నేను ఆయన చెవి దగ్గరికి వంగాను.

"కరెక్ట్" అన్నాను.

ఆయన తల ఊపి, వేలితో తలుపు చూపించారు. నెక్స్ట్ అని.